నూట పన్నెండు కిలోలు

పుణెలో తలుపు మూసే ముందు
లోడింగ్ కుర్రాడు తెచ్చిన కాగితంలో రెండే వరసలు.
వెనక గదిలో ఒక్కరోజు కోడిపిల్లలు, అరవై పెట్టెలు.
ముందు గదిలో శవపేటిక ఒకటి, నూట పన్నెండు కిలోలు.
సంతకం పెట్టాను. పేరు అడగలేదు.
ఆ కాగితంలో పేరుకి గడి ఉండదు.

ఇరవై ఎనిమిదో వరసలో అన్న ఉన్నాడట,
మంచినీళ్లు కూడా ముట్టలేదట.
టీ అందిస్తూ చెప్పింది క్యాబిన్ పిల్ల.
అప్పుడే అనుకున్నాను
ఇవాళ పువ్వు పెట్టినట్టు దింపాలని.
అతనికి ఇక కుదుపేమిటి?
అయినా అనుకున్నాను.

చెన్నై వేరే లెక్క చెప్పింది.
నవంబరు వాన. ఉత్తరపు గాలి
ఇరవై నాట్లు, విసురొస్తే ముప్పై.
రన్‌వే సున్నా ఏడు, తడి.
టవర్‌లో గొంతు ఈ అంకెలన్నీ
రేషన్ షాపులో తూకం చెప్పినట్టు చెప్పింది.

తడి నేల మీద మెత్తగా దిగకూడదు.
దిగితే, చక్రానికీ నేలకీ మధ్య
నీళ్లు చాప పరుస్తాయి.
అరవై టన్నులు ఆ చాప మీద జారిపోతుంటే
బ్రేకు తొక్కినా ఎవరూ పలకరు.
గట్టిగా కొట్టాలి. నీళ్లని చీల్చుకుని
నేలని అందుకోవాలి.

మా నాన్న నెల్లూరు డిపోలో
మద్రాసు నైట్ సర్వీసు తోలేవాడు.
జనం నిద్ర చెదరకుండా ఆపినవాడే డ్రైవరురా, అనేవాడు.
వానాకాలం మాత్రం
ఆ మాట అనేవాడు కాదు.

పదివేల అడుగుల కింద మాకు వేరే మాటలుండవు.
చెంబరంబాక్కం చెరువు కనపడాల్సిన చోట
తడిసిన దూది.
వైపర్లు కొట్టుకుంటున్నాయి.
ఇప్పుడు కొలపాక్కం మీద ఉన్నాం,
కుడి సీట్లో ఉన్న తెన్మొళి ఇల్లు అక్కడే.
విమానం పోయినప్పుడల్లా వాళ్లమ్మ
టీవీ గొంతు పెంచుతుందని పొద్దున ఇడ్లీ తింటూ చెప్పింది.
ఇప్పుడు అంకెలు తప్ప ఏమీ చెప్పదు.

ఐదొందల దగ్గర మబ్బు చిరిగింది.
దీపాలు. తెల్లవి, ఇంకా తెల్లవి,
ఆ చివర ఆకుపచ్చ గడప.
మా ముక్కు గడప వైపు లేదు.
గాలికి ఎడమకి తిరిగి,
మాటామాటా అనుకున్న ఇంటికి
పక్కచూపుతో వచ్చే చుట్టంలా
ఓరగా దిగుతున్నాం.

వంద, అంది యంత్రం.
యాభై.
నలభై.
నా సీటుకి కాస్త వెనక, నేల కింద
ఒక మనిషి వెల్లకిలా పడుకుని ఉన్నాడు.
ముప్పై.
కుడి పెడల్. ముక్కు తిన్నగా. ఎడమ రెక్క కొంచెం కిందికి.
ఇరవై.
క్షమించు, అన్నానా?
అంత తీరిక ఉండదు అక్కడ.
తర్వాత కలుపుకున్న మాట ఇది.

ధన్‌మని ఎడమ చక్రం, వెంటనే కుడిది.
రెండు పక్కలా నీళ్లు గోడల్లా లేచాయి.
ఇంజన్లు ఎదురు తిరిగి అరిచాయి.
బ్రేకు పట్టింది.
పట్టింది.
పొంగిన అడయారు ఎక్కడో పక్కనే ఉంది, కనపడలేదు.
డెబ్భై, అంది తెన్మొళి, మామూలు గొంతుతో.

తలుపు దగ్గర నిలబడ్డాను.
ఒకాయన నడుం పట్టుకుని నన్ను చూశాడు.
రోడ్ రోలర్ తోలేవారా సార్ ఇంతకుముందు, అన్నాడు ఇంకొకాయన.
అందరికంటే వెనక అన్న వచ్చాడు.
చేతిలో రెండు బోర్డింగ్ పాసులున్నట్టు పట్టుకున్నాడు,
ఉన్నది ఒకటే.
"వాడు ఎటువైపు దిగుతాడు సార్?"
కుడివైపు, అన్నాను.
ఇంకేమైనా అనాల్సింది.

టార్చి పట్టుకుని వానలోకి దిగాను.
వెనక గది తెరవగానే
అరవై పెట్టెలూ ఒక్కసారిగా కీచుమన్నాయి.
ముందు నలుగురు. అందులో పెద్దవాడు, ఏళుమలై,
పెట్టె మీది నీళ్లని మోచేత్తో తుడిచి,
మెల్లగా, మెల్లగా అంటూ
ట్రాలీ మీద ఆనించాడు.
చప్పుడు కాలేదు.

నేను ఎడమ చక్రం దగ్గర కూర్చుని
టైరు తడిమి చూశాను.
అంత వానలోనూ
వేడిగా ఉంది.