కనీసం పది అక్షరాలు

శ్రీకాకుళంలో కేంద్ర గ్రంథాలయం మేడ మీద
పద్నాలుగు కంప్యూటర్లు, పంతొమ్మిది మందిమి.
ఇచ్ఛాపురం దండపాణి సాహు గారికీ నాకూ కలిపి ఒక తెర.
మౌసు ఆయన చేతిలో,
దగ్గరచూపు కళ్ళజోడు నా దగ్గర.

నేర్పే పిల్ల పేరు హారిక, చీపురుపల్లి అట.
మా హిరమండలం బ్రాంచి బీరువా వయసులో సగం ఉండదు.
"ముందు లాగిన్ అవండి మేడం."
సింహాచలం అని కొట్టడానికి
పదకొండు ఇంగ్లీషు అక్షరాలు. రెండుసార్లు తప్పు.
మూడోసారి తలుపు తీసింది.
ముప్పై ఏళ్ళు తాళంచెవి నా కొంగుముడిలోనే ఉండేది.

కార్డు మీద ఎర్రదీపం పెడితే కీచుమంటుంది.
పుస్తకం వెనక నల్లగీతల మీద పెడితే మళ్ళీ కీచు.
రెండు కీచులకి
ఒక పుస్తకం ఎవరింటికో బయల్దేరినట్టు.
తవిటినాయుడు గారు ఉండబట్టలేక
తన అన్నం క్యారేజీ మీద పెట్టి చూశారు.
పలకలేదు.
"అలగైతే ఇది నాదే" అన్నారు.

నా దగ్గర ఇనప తేదీముద్ర ఉంది,
చక్రాల చుట్టూ రబ్బరు పట్టీలు.
బొటనవేలితో ఒక్క పన్ను వెనక్కి తిప్పితే
నిన్న వచ్చేది.
ఏ ట్రైనింగులోనూ నేర్పని విద్య అది.
ఏరు దాటలేక ఆగిపోయినవాళ్ళకి నిన్నటి తేదీ ఇచ్చాను.
కోతల రోజుల్లో మొన్నటిది కూడా.

"ఇక్కడ తేదీ ఎవరు తిప్పుతారమ్మా?"
"ఎవరూ తిప్పరు మేడం. సర్వరే చూసుకుంటుంది."
"ఆ సర్వరు ఏ ఊర్లో ఉంటాదో?" అన్నారు సాహు గారు.
హారికకీ తెలీదు.

అభ్యాసం కోసం ఉత్తుత్తి పాఠకుల్ని ఇచ్చారు:
పాఠకుడు ఒకటి, పాఠకుడు రెండు, అలా.
మా తెర మీదకి పాఠకుడు ఏడు వచ్చాడు,
నలభై రెండు రోజులు ఆలస్యంగా.
జరిమానా నలభై రెండు రూపాయలు.

నాకు పాఠకుడు ఏడు తెలుసు.
బరాటం వాళ్ళ ఢిల్లేసు.
ఊరు రిజర్వాయరు కిందకి పోయాక
కాలనీ నించి వచ్చేవాడు.
ఎరువుల సంచిముక్కలో చుట్టిన పుస్తకం
కిటికీలోంచి అందించి,
లోపలికి రాకుండా మెట్టు మీదే నిలబడ్డాడు,
జేబు మీద చెయ్యి వేసుకుని.

"మాఫీ అని ఇక్కడ బటన్ ఉంది మేడం,
కాకపోతే కారణం రాయాలి.
కనీసం పది అక్షరాలు."

తెలుగు అక్షరాలు ఒక్కొక్కటే వెతుక్కుని
వాన అని కొట్టాను. గడి ఎర్రబడింది.
జ్వరం అన్నాను. చాలదంది.
"డమ్మీ డేటాయే కదా మేడం,
ఏదో ఒకటి నొక్కెయ్యండి."
నొక్కలేదు.
వంశధార పొంగింది, అని రాశాను.

నా లెక్కకి ఏడక్షరాలే.
కంప్యూటరు పదిహేను అంది.
దీర్ఘం ఒకటి, సున్నా ఒకటి, గుడి ఒకటి,
రెండు మాటల నడుమ ఖాళీని కూడా
ఒక అక్షరంగా కట్టింది.
నలభై రెండు కాస్తా సున్నా అయింది.

సాహు గారు మౌసు ఒగ్గేసి కీబోర్డు లాక్కున్నారు.
పాఠకుడు ఎనిమిదికి: జీడిపిక్కలు ఏరే రోజులు.
వెనక వరసలో తవిటినాయుడు గారు
చాలాసేపు వంగి ఒక్కో మీటా పొడిచి
ఆడు నాకు తెలుసు, అని రాశారు.
హారిక ఆ తెర ముందు కాసేపు నిలబడింది.
"ఇదేం కారణం సార్?"
అప్పటికే చెల్లిపోయింది.

సాయంత్రం అంతా తుడిచేస్తామన్నారు.
రేపు టెక్కలి, నరసన్నపేట వాళ్ళ వంతు.
పాఠకుడు ఏడు
మళ్ళీ నలభై రెండు రోజులు ఆలస్యంగా వస్తాడు.

కాంప్లెక్సులో బస్సెక్కి కూర్చున్నాక
సిరా అంటని బొటనవేలిని
అలవాటు కొద్దీ
రుమాలుకి తుడుచుకున్నాను.