మైనం పూసిన బేరిపండ్లు

పట్టాభిషేకానికి ఇంకా మూడు రోజులు.
కోట వంటశాల నుంచి కబురు:
నూట ఇరవై బేరిపండ్లు, మచ్చ లేనివి.

మచ్చ లేనివి ఈ ఏడు ఎక్కడివే, సిడ్సెల్?
పూత రోజుల్లో పెద్దరాజు పడకగది కిటికీలోంచి
ఎవరో గిన్నె కడిగి నీళ్లు పారబోశారు.
ఆ గోడవార దురదగొండి తప్ప మరేదీ మొలవలేదు.
చూశాను.
కలుపు తీసే చేతికి నోరెక్కడిది?

కొమ్మ కోస్తే పైకి పచ్చగానే ఉంటుంది,
నడిమధ్య సన్నటి నల్లగీత.
తెగులు ఈసారి చిటారు నుంచి దిగింది,
కింది మళ్లలో ముల్లంగి దాకా
అదే చేదు.
జట్లాండ్ సముద్రగాలి ఇంత ఉప్పు మోసుకొస్తుంది గదా,
ఈ కంపు మాత్రం ఊరలేదు.

అందుకే కొవ్వొత్తి వంచి
ఒక్కో పండుకీ మైనం పూస్తున్నాను.
మెత్తబడ్డ చోట బొటనవేలు ఆనకుండా తిప్పడం
నలభై ఏళ్ల పనితనం.
విందు దీపాల కింద బంగారమే,
కొత్తరాజు కొరికేదాకా.

నిన్ను నేర్చుకోమనలేదు,
దీపం పట్టుకో, చాలు.

ఒక్కటి మాత్రం పూయకుండా
కిటికీలో పెట్టాను.
తెల్లారితే కందిరీగలొస్తాయి.
అవి ఎవరి కొలువులోనూ లేవు.