మూడో గదిలో గొంతు

నా ఉద్యోగం
ఒక బొమ్మకి గొంతివ్వడం.

సండర్లాండ్‌లో, నర్సింగ్ కాలేజీ రెండో అంతస్తులో
అటువాళ్లకి అద్దం, ఇటు నాకు కిటికీ అయిన గాజు వెనక
మైకు ముందు కూచుంటాను.
ఎడమ చేతి కింద నాడి, కుడి చేతి కింద ఊపిరి.
ఒక్క మీట జరిపితే పెదాలు నీలమవుతాయి.
బొమ్మ పేరు ఈ పూట రాల్ఫ్ థర్ల్‌వెల్.
డెబ్బై ఒకటి. ఓడల యార్డులో వెల్డరు.
మోకాలి ఆపరేషనయి రెండో రోజు.
నిన్న ఇదే బొమ్మ విగ్గు పెట్టుకుని
మార్జొరీ అనే బడిపంతులమ్మ.

మంగళవారం, తొమ్మిదింబావు.
ఇస్త్రీ మడతలింకా విడని యూనిఫాముల్లో
నలుగురు పిల్లలొచ్చారు.
రాల్ఫ్‌కి జ్వరం ఎక్కిస్తాను.
ప్రెషర్ మెట్టు మెట్టుగా దించుతాను.
కాగితంలో రాసుంది:
"మూడో నిమిషం: రోగి మూలుగును.
ఐదో నిమిషం: చలిగా ఉందనును."
మూలుగుతాను. చలిగా ఉందంటాను.
గొంతుని బొంగురు చేసేది యంత్రమే, యాస మాత్రం నాది,
పదకొండేళ్లు ఇక్కడి బస్సుల్లో
ముసలాళ్ల వెనక సీట్లో కూచుని పోగేసుకున్నది.

వెయ్యిమందిని చంపినవాడు అరవైద్యుడని
మా అమ్మమ్మ అనేది.
ఇక్కడ ఆ వెయ్యి చావులూ ఈ రబ్బరు మనిషొక్కడివే.
పొద్దున పోయి, టీ వేళకి లేచి,
మధ్యాహ్నం మళ్లీ పోతాడు.
కోపం లేదు. కేసు లేదు.
వరండాలో కొంగు నోట్లో కుక్కుకునే భార్య లేదు.

మాకు బొమ్మల్లేవు.
బత్తాయి ఉండేది.
హాస్టల్లో దానికి సూది గుచ్చి నీళ్లెక్కించి
రాత్రి దాన్నే వొలుచుకు తినేవాళ్లం,
స్పిరిటు వాసనతో సహా.
బత్తాయి తర్వాత తిన్నగా మనిషే.

విశాఖ కేజీహెచ్, ఆడవాళ్ల వార్డు, గుమ్మం పక్క మంచం.
నూకాలు. చేపల గంప మోసి మోసి
నడినెత్తిన జుట్టూడిన మనిషి.
ఆవిడ నరం నాకు దొరకలేదు.
ఒకసారి.
రెండోసారి మోచేతి దగ్గర ఉబ్బింది.
మూడోసారి నా చెమట ఆవిడ చేతిమీద పడింది.
నాలుగోసారికి కళ్లు మూసుకున్నది ఆవిడ కాదు, నేను.
"పర్నేదమ్మా, మల్లీ పొడు" అంది.
"సేపకి ముల్లెక్కడుంటాదో
నాకు మాత్రం పుట్టగానే తెలిసిందేటి?"

గాజు అవతల
జోడీ అట్కిన్ చేతిలో సూది వణుకుతోంది.
ప్లాస్టిక్ నరం, లోపల రంగునీళ్లు.
వణుకు ఒక్కటే అసలు సరుకు.
రెండుసార్లు తప్పింది.
మిగతా ముగ్గురూ నేలచూపులు.
ఏడో నిమిషానికి కాగితంలో ఉన్నది:
"రోగి విసుగు చూపును."
మైకు నొక్కాను.
"పర్లేదు పెట్, మళ్లీ గుచ్చు" అన్నాడు రాల్ఫ్.

ఇక్కడ చేపల కొట్లో, బస్టాపులో
ముక్కూమొహం తెలియనివాళ్లని కూడా పెట్ అంటారు,
మనం అమ్మా అన్నట్టు.

పిల్లలు కుర్చీలు గుండ్రంగా వేసుకుంటుంటే
మిసెస్ గ్రీవ్‌సన్ నన్ను పక్కకి పిలిచింది.
"అంత మెత్తని రోగులుండరు, సువర్చలా.
ఉన్నదున్నట్టు చదువు."
సరే అన్నాను.
ఆవిడన్నది అబద్ధం కాదు. విసుక్కునేవాళ్లే ఎక్కువ.
ఐదో వార్డులో నా చెంప పగలగొట్టినవాడూ ఉన్నాడు.

నాలుగింటికి లైట్లార్పుతూ
రాల్ఫ్ చెయ్యి తిప్పి చూశాను.
మోచేతి మడత జల్లెడయింది.
కొత్త తొడుగుకి ఫారం నింపాలి.
నూకాలు చేతికి తొడుగులు రావు.
నాలుగోసారి నరం దొరికిందా?
నిజంగా గుర్తులేదు.
సిస్టరమ్మ వచ్చి నన్ను జరగమందేమో.
గుర్తున్నది ఆ మాట,
ఎన్నిసార్లు కడిగినా పోని
ఆ చేతి ఉప్పు వాసన.

రేపు మళ్లీ మార్జొరీ. గుండెపోటు.
విగ్గు దువ్వి పెట్టాను.
కాగితం తిరగేశాను:
"ఆరో నిమిషం: రోగి ఏమీ మాట్లాడదు."

పెన్సిలు ఎక్కడ పెట్టానో.