ఎడమ మూల

నిన్న రాత్రి కొట్టు కట్టేసే వేళకి
తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి.
ఆపకండి, కాస్త సమయం పడుతుంది, అంది.
సరే నీ ఇష్టమని గొడుగు తీసుకుని
రేవు దారి పట్టాను.

పొద్దున్న అయిదుంపావుకి తాళం తీస్తే
ఎవరింటి కంప్యూటరో నా బల్ల మీద ఉంది.
మూలలన్నీ నున్నగా అరగదీసేశారు.
మా చిన్నాడు తీసిన పడవ ఫోటో పోయింది,
దాని చోట ఇస్త్రీ లేని నీలంచీర
కుచ్చిళ్ళలాంటిదేదో.
పదకొండేళ్ళుగా ఎడమ మూల అడుగున
ఒదిగి కూర్చున్న గుర్తు
నడిమధ్యకొచ్చింది, పంక్తిలో పెద్దమనిషిలా.

బయట అప్పటికే సైకిళ్ళు.
రావులపాలెం యార్డులో ఆ వేళప్పుడు
మనిషి కనపడడు,
అరటి గెలలే చక్రాలు కట్టుకుని నడిచొస్తాయి.
సత్తిపండు గుమ్మంలో నిలబడి కేక:
"గెడ్డం ఏసుపాదం! కర్పూరం పన్నెండు!
తెల్ల చక్రకేళి ఏడు! బొంత మూడూ!
రాశారాండీ?"

ఏం రాస్తాను.
చెయ్యి ఎడమ మూలకి పోయింది.
అక్కడిప్పుడు వాతావరణం ఉంది.
ఇరవై తొమ్మిది డిగ్రీలు, మబ్బు పట్టి ఉంది.
ఆ సంగతి కిటికీలోంచి కనబడుతూనే ఉంది.
మూసేశాను. మళ్ళీ పోయింది చెయ్యి.
ఇరవై తొమ్మిది, మబ్బు.

చీటీ కాపీ చేద్దామని కుడివైపు నొక్కితే
మాటలు లేవు, చిన్న చిన్న బొమ్మలు,
నోరున్న మనిషి సైగలు చేసినట్టు.
అడుగున ఒక వరస: ఇంకా చూపించమంటావా?
చూపించమన్నాను.
పాత పట్టీ ఉన్నదున్నట్టు బయటికొచ్చింది,
ఒక్క అక్షరం చెదరకుండా.
కొత్త వసారా దింపి
వెనకింటిని అలాగే ఉంచేసినట్టున్నారు.

ఏసుపాదం సైకిల్ హ్యాండిలు మీద గడ్డం ఆనించి
"కంగారు లేదు లెండమ్మా,
పండిపోతే తినేద్దాం" అన్నాడు.

మొన్నటి వరద తీశాక మా లంక రేవు
వంద గజాలు దిగువకి జరిగింది.
నోటీసు లేదు. పడవతను
ఒక వెదురు గుచ్చి ఎర్రగుడ్డ కట్టాడంతే.
మొదటిరోజు చీకట్లో పాతచోటికే పోయి
మోకాలిదాకా ఒండ్రులో దిగాను.
నాలుగోనాటికి కాళ్ళు వాటంతటవే మళ్ళాయి,
నేను టిఫిను గిన్నె సంగతి ఆలోచిస్తుండగానే.
కాళ్ళకి లేని పంతం
ఈ చూపుడువేలికెందుకో.

వారం గడిచింది.
రోజుకి యాభైసార్లు వాతావరణం చెప్పించుకున్నాను.
సాయంత్రం జల్లులు అంటే నిజంగానే జల్లులు.
యార్డులో పదిమంది నన్నడిగి
లారీలకి టార్పాలిన్ కట్టేవాళ్ళు.

పదోరోజున రిపేర్ల జిలానీ వచ్చాడు.
"అక్కా, ఇన్నాళ్ళూ అవస్థ పడ్డారా?
రెండు నొక్కులు. ఇదిగో, మీ గుర్తు మీ మూలకి."
వచ్చింది.
తప్పిపోయిన మేక సాయంత్రం
దొడ్లో కనిపించినట్టయింది ప్రాణం.
జిలానీకి టీ చెప్పాను. సమోసా కూడా.

మర్నాడు సత్తిపండు కేకేశాడు:
"అమృతపాణి తొమ్మిదీ!"
చెయ్యి మధ్యకి పోయింది.
అక్కడేం లేదు, ఖాళీ గీత.
మళ్ళీ పోయింది.
"రాశారాండీ?"
నవ్వొచ్చి గట్టిగానే నవ్వాను,
సత్తిపండు తన లెక్కే తప్పిందనుకుని
గెలలు మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఏమీ చూసుకోకుండా
ఖాళీ చేతులతో బయల్దేరాను.
కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఇసకలోకి దిగేసరికి
గోదారి మీద నుంచి తెల్లగా వస్తోంది వాన.
గొడుగు కొట్లోనే ఉంది,
కుర్చీ వెనక, ఎడమ మూల.