నీళ్లు తిన్న ఉప్పు

మూడింటికి లారీ వెళ్తుంది మా వీధిలో.
ముందు వెడల్పాటి ఇనప రేకు, మంచుని పక్కకి నెడుతూ.
వెనక గిరగిరా తిరిగే పళ్లెం,
దాన్నుంచి చిమ్మే గళ్లుప్పు
కార్ల తలుపులకి తగిలి టపటపా రాలుతుంది.
సగం నిద్రలో అనుకుంటాను:
ఓర్విల్ డ్యూటీ ఎక్కాడు.
రేపు పొద్దున్న ఎవరి నడుమూ విరగదు.

మిన్నెసోటాలో మాది చిన్న ఊరు.
ఐదు నెలలు మంచు, ఒక గుట్ట,
గుట్ట మీద మలుపు,
మలుపు కింద పెల్టన్ చెరువు.
ఆ మలుపులోనే ఓర్విల్ చెల్లెలి కారు
గడ్డకట్టిన రోడ్డు మీద బొంగరమైంది ఒకసారి.
అందుకే అక్కడికి రాగానే పళ్లెం వేగం పెంచుతాడు.
అది అడగకూడని సంగతి. నేనడగలేదు.

నా పని చెరువుతో.
మార్చిలో, చూరుల నుంచి నీళ్లు కారే వారం,
మోకాళ్ల దాకా బూట్లేసుకుని
సన్నటి వలా రెండు సీసాలూ పట్టుకెళ్తాను.
మీటరు ముంచితే అంకెలు ఎగబాకుతాయి,
పోయినేడు ఆగిన చోట ఈ ఏడు మొదలు.
ఆకు కుళ్లుతుంది, మంచు ఆవిరవుతుంది,
ఉప్పు మాత్రం అద్దె కట్టని మనిషిలా
బరువుగా అడుక్కి దిగి పడుకుంటుంది.
పైనీరూ కిందినీరూ కలవాల్సిన వసంతంలో
లేవనంటుంది.

మైక్రోస్కోపు కింద ఒక చుక్క.
చుక్కలో నీటి ఈగ.
ఈగ అంటాం గానీ రెక్కల్లేవు, రొయ్యకి దూరపు చుట్టం.
ఆవగింజంత ఒళ్లు, అదీ గాజు,
దాచుకోడానికేం లేదు:
పొద్దున తిన్న నాచు ఆకుపచ్చ దారంలా,
ఒక్కగానొక్క కన్ను వణుకుతూ,
వీపు సంచిలో గుడ్లు,
సంచికి పైన గుండె.
లెక్కపెట్టబోయాను. నా వేలు వెనకబడింది.
నాలుగేళ్ల కిందట సంచికి పదేసి గుడ్లని రాసుకున్నాను.
ఇవాళ మూడు. పక్కదానికి ఒకటి.
ఆ పక్కది ఖాళీ సంచితో
కుదుపులు కుదుపులుగా ఈదుతోంది.

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాల్సిందే అంటారు.
మరి నీళ్లే ఉప్పు తింటే
తాగాల్సింది ఎవరు?

జూలైలో జవాబు చెరువే రాస్తుంది.
నాచు మేసే నోళ్లు తగ్గి
పెయింటు డబ్బా ఒలికినట్టు పచ్చదనం.
గట్టున బోర్డు: ఈత వద్దు.
రబ్బరు బాతు నడుముకి తొడుక్కున్న పిల్లాడు
బోర్డుని కాదు, నన్ను చూస్తాడు కోపంగా.
ఊరగాయలో ఏదీ బతక్కూడదనే కదా ఉప్పు పోస్తాం.
వాడికి ఎలా చెప్పను,
చెరువుని ఊరబెడుతున్నామని.

చెప్పే మొహం కూడా లేదు నాకు.
నిరుడు మెట్ల మీద జారి మణికట్టు విరిగింది.
ఇప్పటికీ తలుపు పక్కన ఉప్పు సంచి,
అందులో ఒక కాఫీ కప్పు.
ఒక్క కప్పు చాలు. రెండోది భయం పోస్తుంది.

ఈ ఫిబ్రవరిలో ఓర్విల్‌ని ల్యాబుకి పిలిచాను,
సీసాలో పెంచుతున్నవాటిని చూడమని.
టోపీ తీసి, కన్ను ఆనించి,
చాలాసేపు ఊపిరి బిగబట్టాడు.
"గుండె ఎందుకంత తొందరపడుతోంది?"
"అది మామూలే."
"ఉప్పు తగిలితే?"
"నెమ్మదిస్తుంది."
"ఇవి పోతే మళ్లీ రావా?"
అడుగు బురదలో నల్లటి నిద్రగుడ్లుంటాయనీ,
ఏళ్ల తరబడి ఎదురుచూస్తాయనీ చెప్పాను.
మా భాషలో ఈ నీళ్లని మంచినీళ్లంటామని కూడా.
"అయితే ఉప్పువాటిని చెడ్డవంటారా?"
"లేదు. ఉప్పునీళ్లనే అంటాం.
ఎవరూ తిట్టలేదు."
తలూపి టోపీ పెట్టుకున్నాడు.

ఆ రాత్రి మళ్లీ మంచు.
మూడింటికి లారీ.
టపటపలు మా వీధిలో సగం దాకా వచ్చి
చదును మొదలైన చోట ఆగిపోయాయి.
రేకు గీరుకునే చప్పుడొక్కటే.
మలుపు దగ్గర మళ్లీ ఉప్పు, ఎప్పటిలాగే, ధారాళంగా.
మధ్యలో ఆ ఖాళీని లెక్కపెట్టాను,
ముప్పై ఏడు సెకన్లు.

పొద్దున్నే లేచి మెట్లు ఊడ్చాను చీపురుతో,
విరిగి అతికిన చేత్తో
రెయిలింగు గట్టిగా పట్టుకుని.