పీటా, పీఠమూ

గ్రీమ్స్‌పేట సందులో మా కొట్టు ముందర వ్యాను ఆపి
దుప్పటి చుట్టిన కుర్చీ దించినారు.
"మేత్రాణులవారిది, పదిలం" అన్నాడు డ్రైవరు
దుప్పట్లో మనిషి ఉన్నట్టే గొంతు తగ్గించి.

విప్పి చూస్తే టేకు కాళ్లు, వీపు మీద చెక్కిన గొర్రెపిల్ల,
కూర్చునే చోట పేము తెగి తలకాయంత చిల్లి.
ఆ చిల్లిలోంచి నిజంగానే తలకాయ పెట్టి
నా మనవడు సూసైరాజు అడిగినాడు:
"అవ్వా, కథీడ్రల్ అంటే మన గుడికన్నా ఎత్తా?"

ఎత్తుదేముందిరా.
పలమనేరు దావలో ఇటుకబట్టీ పొగగొట్టం అన్నిటికన్నా ఎత్తు,
దానికెవరు మోకరించినారు?
మన గుడి గంట రైలుపట్టా తునక.
అయినా అప్పం అదే, ద్రాక్షరసం అదే.
ఈ కుర్చీ యాడుంటే అది పెద్దగుడి.
అంతే తేడా.

"మనూరికి ఆయనొచ్చినప్పుడు కుర్చీ వేసినాం గదా?"
వేసినాం. టెంటుహౌసుది, ఎర్ర ప్లాస్టిక్కుది.
వీపున 'శ్రీనివాస సప్లయర్స్' అనుంటే
మీ తాత తెల్ల తువ్వాలు కప్పినాడు.
పొద్దుగూకేసరికి బాడుగ కట్టి పంపేసినాం.
అది లెక్కలోకి రాదంట.
మనిషి లేచిపోయినా కుర్చీ పోగూడదంట,
ఖాళీగానైనా అక్కడే ఉండాలంట.

వాడు కాసేపు ఊరుకున్నాడు.
"మరి ఇది ఇప్పుడు మన కొట్లో ఉంది గదా.
అక్కడ పెద్దగుడి ఏమైనట్టు?
మన కొట్టు ఏమైనట్టు?"

నేను పేము నానబెట్టడానికి లేచినాను.

నాలుగు దినాలు, పీట మీద కూర్చుని పీఠం అల్లినాను.
రెండూ ఒక మాటేనంట, ఇస్కూలు అయ్యవారు చెప్పినాడు;
పలికీ పలికీ ఒత్తు అరిగిపోయిందంట
నా పీటకు ఒక కాలు అరిగినట్టు.

ఏ కుర్చీ అయినా అల్లినాక నేనే మొదట కూర్చుంటా,
బిగువు తెలియాల గదా.
దీని ముందర మాత్రం కొంగు దులుపుకుని నిలబడినా,
కూర్చోబోయినా, మళ్లా లేచినా.
ఆఖరికి పక్కంగడి నుంచి బెల్లం దిమ్మెలు
మోసుకొచ్చి పేర్చినా, నా అంత బరువు.
పేము కిర్రుమనింది. ఆగింది.

వ్యాను కదిలినాక చూసుకుంటే
కొట్లో కుర్చీ ఉండిన చోట నాలుగు కాళ్ల గుర్తులు,
వాటి మధ్యన తిరుగుతా చీమలు.
సూసైరాజు వాటిని తొక్కకుండా
చుట్టూ తిరిగి పోయినాడు.