భంగార్

నాగపూర్ దంతాల డాక్టరు తాళంచెవి నా చేతుల పెట్టి
బానెట్ మీద అరచెయ్యి ఆనించిండు
జ్వరం చూసినట్టు.
రెండే తలుపులు, రెండే సీట్లు,
మీటర్ల లక్షా తొంభై ఒక్క వేల నాలుగొందల ఆరు.
పదహారేండ్ల ఎరుపు.
నాలుగేండ్లు కట్టిన చిట్టీ పైసలు
నాలుగు నిమిషాల్ల లెక్కపెట్టుకున్నడు.

బల్లార్షా కాలనీ గేటు కాడ
వాచ్‌మన్ ఖోబ్రాగడే చుట్టూ తిరిగి
"భంగార్ ఘేతలం, మేడం" అన్నడు మరాఠీల.
ఆ మాట గోడ దూకి
పక్క క్వార్టర్ పోశక్క చెవుల పడేసరికి
తెలుగైంది.
"బంగారం కొన్నవా బిడ్డా! ఎన్ని తులాలు?"

జవాబియ్యలే. నవ్వుకుంట లోపలికి పోయిన.

ఎందుకు కొన్నవంటే
ఇరవై రెండేండ్ల సంది సాస్తి గని ధర్మకాంటా మీద కూసున్న.
నిండు బరువు, ఖాళీ బరువు, తీసేస్తే బొగ్గు.
డ్రైవర్ దిగిండా లేదా అనేదొక్కటే రోజూ పేచీ.
లారోళ్ల మొకాలన్నీ తలెత్తే చూసిన, మెడ నొచ్చేదాక.
ఒక నైట్ షిఫ్ట్‌ల, వానల,
ఎవరో గుత్తేదారు కొడుకు బండి కిటికీ కింద ఆగింది.
నేలకు అంత దగ్గరగ కూసోని కూడ
మనిషి ఎటన్న పోవచ్చని
అప్పుడే తెలిసింది.

ఇప్పుడు లారీ టైరు నా చెవి పక్కన తిరుగుతది.
భయమే. లేదంటే అబద్ధం.

పొద్దున ఐదుంబావు.
పేపర్ మిల్లు ఉడికిన వెదురు వాసన,
పద్దెనిమిది స్పీడ్ బ్రేకర్లు.
ఎట్ల దాటాల్నో మొదటి వారం దాని కడుపే నేర్పింది.
నేరుగ పోతే గీరుకుంటది.
ఓరగ, ముందు ఒక కాలు, తర్వాత ఇంకో కాలు,
చాప మీద పండిన పిల్లల్ని దాటినట్టు.

మెకానిక్ ఇర్ఫాన్ అన్నడు,
"ఎక్కువ తిరిగిందని బుగులు పడకు అక్కా,
నిలవెట్టిన బండికే రోగాలు.
రబ్బరు ఎండుతది, ఎలుకలు వైర్లు కొరుకుతయి.
రోజూ తిప్పు. రోజూ ఆయిల్ చూడు.
చప్పుడు మారితే రేడియో బందువెట్టి విను."

వింటున్న.
మే నెల నలభై ఆరు డిగ్రీల
ఏసీ ఊదుతది, చల్లబడది.
డిక్కీల హెల్మెట్, గొడుగు, అన్నం డబ్బా,
ఇంకొక పుచ్చకాయకు జాగ లేదు.
అయినా వార్ధా వంతెన మీద
ముందెనక ఎవ్వరు లేని పొద్దు
మూడో గేరుల ఒక్క ఊపిరి లాగుతది,
దాని కిలోమీటర్లు అది మర్చిపోతది.
నా మోకాళ్ల నొప్పి నేను.

జులైల బెల్టు తెగింది.
బొగ్గేరే ఆడోళ్లు నలుగురు వానల నెట్టిండ్రు.
ఒకామె వంగి లోపలికి తొంగి చూసి
"అవ్వో, పండుకొని నడుపుతవా?" అన్నది.
అందరం నడి రోడ్డు మీద నవ్వి నవ్వి
నెట్టుడు మర్చిపోయినం.

మొన్న ఆదివారం లైన్ల లారీలు లేవు.
బండిని కాంటా ఎక్కించిన.
దిగి తూసిన. పదమూడు వందల ముప్పై.
దిగకుండ తూసిన. పదమూడు వందల తొంభై.
నేను అరవై రెండు.
పదుల లెక్కల రెండు కిలోలు కాంటా మింగింది.
సరుకేందని కంప్యూటర్ అడిగింది,
చెప్పందే చీటీ రాదు.
బొగ్గు, రాయి, ఇసుక, స్క్రాప్.
స్క్రాప్ మీద వేలు పెట్టి తీసిన.
బొగ్గని కొట్టిన.
ఎరుపు మీద నల్ల దుమ్ము ఎట్లాగు ఉన్నది.

పొద్దూకినంక చీటీ పట్టుకొని
పోశక్క కాడికి పోయిన.
"లక్షా ముప్పై మూడు వేల తులాలు, అక్కా."

చీటీ దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది,
గేటు కాడ ఎర్ర బండిని చూసింది.
"అంత మెడల ఏసుకుంటే విరుగుతది గాని
రేపు రాజురా కండ్ల డాక్టరుకాడికి
దీన్లనే తోల్కపో.
రెండో సీటు ఉత్తదే గదా."